కిటికీ తెర – ఇంటి మర్యాద

వేసవి మధ్యాహ్నం నంద్యాల, ఆళ్లగడ్డ వీధుల్లో నడిచినప్పుడు ఒక దృశ్యం మాకు తరచుగా కనిపిస్తుంది. ముందు గది కిటికీ రెక్కలు బిగించి ఉంటాయి. లోపల పట్టపగలే దీపం వెలుగుతూ ఉంటుంది. కారణం అందరికీ తెలిసిందే. కిటికీ తెరిస్తే వీధి మొత్తం ఇంట్లోకి తొంగిచూస్తుంది. 45 డిగ్రీలు దాటే ఎండలను కూడా చూసిన ఈ కుందూ లోయలో, పరదా కోసం గాలినీ వెలుతురునూ వదులుకుంటున్నది పగలంతా ఇంట్లో గడిపే స్త్రీలు, వృద్ధులు. పరదా ఉద్దేశం గౌరవ రక్షణే గాని, ఇంటివారిని చీకట్లో ఉక్కపోతకు గురిచేయడం కాదు.

ఈ ఇబ్బందికి పరిష్కారంగా కొత్త ఇళ్లలో ‘వర్టికల్ బ్లైండ్స్’ కనిపిస్తున్నాయి. పై పట్టా నుంచి వేలాడే నిలువు పట్టీలివి. వీటిని పక్కకు జరపవచ్చు, ఉన్నచోటనే తిప్పవచ్చు కూడా. అయితే అన్ని గదులకూ ఒకే తెర సరిపోదు. ఎండ ఎటునుంచి వస్తుంది, చూపు ఎటునుంచి పడుతుంది, గాలి ఎంత అవసరం అనే మూడు ప్రశ్నలు వేసుకున్న తరువాతే కొనాలి.

వీధివైపు ముందు గదికి ఇవి బాగా పనికివస్తాయి. పట్టీలను ఏటవాలుగా తిప్పితే ఎదుటివారి చూపు ఆగుతుంది, పక్కనుంచి వెలుతురు వస్తుంది. కానీ ఒకవైపు నుంచి నడిచి వచ్చేవారికి కనబడనిది, ఎదురువైపు నుంచి వచ్చేవారికి సందుల్లోంచి కనబడవచ్చు. అందుచేత ఇంటివారే వీధిలో అటూ ఇటూ నడిచి పరీక్షించుకోవాలి. రాత్రి లోపల దీపం వెలిగించి మరొకసారి చూడాలి. చీకటి పడ్డాక పట్టీలను పూర్తిగా మూయవలసిందే. ఆళ్లగడ్డలో శిల్పశాలలకు దగ్గరగా ఉన్న ఇళ్లకు మరో సౌకర్యం ఉంది: అడ్డుపట్టీలపై పేరుకున్నంతగా రాతిపొడి నిలువు పట్టీలపై నిలవదు.

పడమటి గదిలో సాయంకాలపు ఎండ ఏటవాలుగా దూసుకువస్తుంది. సూర్యుడున్న వైపుకు అడ్డుగా పట్టీలను తిప్పి, రెండో పక్కనుంచి వెలుగును రానివ్వవచ్చు. లేత రంగు మేలు. అయితే అద్దం దాటి లోపలికి వచ్చిన వేడిని లోపలి తెర కొంతవరకే ఆపగలదు. కిటికీ వెలుపల సన్‌షేడ్, తడిపిన వట్టివేళ్ల తడిక, చెట్టు నీడ అంతకన్నా ఎక్కువ మేలు చేస్తాయి.

పడకగది విషయం వేరు. రాత్రి కిటికీ తెరిచి పడుకునే ఇళ్లలో నిలువు పట్టీలు గాలికి ఊగి చప్పుడు చేస్తాయి, సందులు విడిపోతాయి. అక్కడ మందపాటి నూలు పరదాయే ఉత్తమం. ఫజ్ర్ నమాజుకు ముందు, మధ్యాహ్న విశ్రాంతి వేళ, ఇషా నమాజు తరువాత ఇంట్లోని పిల్లలు సైతం అనుమతి అడిగి రావాలని అన్ నూర్ సూరా బోధిస్తోంది. ఆ మూడు వేళల ఏకాంతాన్ని కాపాడేదే పడకగదికి తగిన తెర.

వంటగది కిటికీకి తెర అవసరమైతే తుడవడానికి వీలైన పీవీసీ పట్టీలు ఎంచుకోవాలి. పొయ్యికి దగ్గరగా మాత్రం ఏ తెరా ఉండకూడదు. పసిపిల్లలున్న ఇంట్లో వేలాడే తాళ్లు, గొలుసులు మెడకు చుట్టుకుని ప్రాణాపాయం కలిగించవచ్చు. కర్రతో తిప్పే రకం తీసుకోవాలి. గొలుసు ఉంటే దాన్ని గోడకు బిగువుగా అమర్చి, మంచం, కుర్చీ కిటికీకి దూరంగా ఉంచాలి.

హజ్రత్ ఆయిషా (రజి) ఇంట్లో బొమ్మలున్న తెరను దైవప్రవక్త (సఅసం) ఇష్టపడలేదనీ, ఆమె దాన్ని తీసి దిండ్లుగా మార్చారనీ హదీసు గ్రంథాలు చెబుతున్నాయి. కనుక ప్రాణుల బొమ్మలు లేని సాదా వస్త్రాన్నో, తీగల అల్లికనో ఎంచుకుందాం. పొరుగింటి కంటే ఘనంగా ఉండాలనే పోటీ దుబారాకు దారితీస్తుంది. ఉన్న నూలు పరదా మన అవసరం తీరుస్తుంటే కొత్తది కొనకపోవడమే వివేకం.

చివరిగా ఒక మాట. తెర వేసుకోవడం ఇంటివారి బాధ్యత అయితే, చూపు దించుకోవడం వీధిలో వెళ్లేవారి బాధ్యత. అనుమతి అడిగే నియమం ఏర్పడిందే చూపు కారణంగా అని దైవప్రవక్త (సఅసం) తెలిపారు. మన కిటికీకి తెర కొనే రోజున, ఎదురింటి కిటికీ వైపు మన చూపు ఎలా ఉందో కూడా పరీక్షించుకుందాం. ఇరుగుపొరుగు ఇద్దరూ ఆ మర్యాద పాటిస్తే, మన తల్లులు, అక్కచెల్లెళ్లు కిటికీ తెరుచుకుని నిశ్చింతగా గాలి పీల్చుకోగలుగుతారు.