ఇంట గెలిస్తేనే గ్రూప్స్‌లో గెలుపు

ఆళ్ళగడ్డ: డిగ్రీ చేతికి రాగానే గ్రూప్స్ పరీక్షల కోసం హైదరాబాదు అశోక్‌నగర్‌కో, విజయవాడకో పెట్టె సర్దుకుని వెళ్ళడం ఈ ప్రాంతపు యువతీయువకులకు పరిపాటి అయింది. హాస్టలు ఖర్చు, కోచింగు ఫీజు, పుస్తకాలు కలిసి తండ్రి అమ్మిన వడ్ల డబ్బును, శనగల డబ్బును మింగేస్తున్నాయి. ఇంత చేసినా పరీక్ష ఎప్పుడు ముగుస్తుందో చెప్పగలవారు లేరు. కరిగిపోయేది డబ్బు ఒక్కటే కాదు, వయసు కూడా.

లెక్కలు చూస్తే సంగతి తెలుస్తుంది. రాష్ట్ర పబ్లిక్ సర్వీసు కమిషన్ 2018 డిసెంబరు 31న గ్రూప్-1 ప్రకటన ఇచ్చింది. జవాబు పత్రాలు దిద్దిన పద్ధతిపై వివాదం హైకోర్టు కెక్కడంతో తుది ఫలితాలు వచ్చేసరికి 2022 జూలై అయింది. 2023 డిసెంబరులో 897 పోస్టులకు గ్రూప్-2 ప్రకటన వెలువడింది. ప్రాథమిక పరీక్ష 2024 ఫిబ్రవరి 25న జరగ్గా, 92 వేల మందికి పైగా మెయిన్సుకు అర్హులయ్యారు. ఆ మెయిన్సు వాయిదాలు పడి 2025 ఫిబ్రవరి 23న జరిగింది. ఏడాది పాటు పట్నంలో అద్దె గది పట్టుకుని ఎదురుచూసిన వారి ఖర్చు ఎవరు భరించాలి?

అందుకే తొలి చదువు సొంత ఊరిలోనే సాగించడం మేలు. గ్రూప్-2 ప్రాథమిక పరీక్షకు 150 మార్కులు. చరిత్ర, భూగోళం, భారతీయ సమాజం, వర్తమాన వ్యవహారాలు, మానసిక సామర్థ్యం ఒక్కొక్క దానికి 30 మార్కులు. తప్పు జవాబుకు మూడోవంతు మార్కు కోత పడుతుంది. మెయిన్సులో ఆంధ్రప్రదేశ్ సాంఘిక, సాంస్కృతిక చరిత్రకు 75, రాజ్యాంగానికి 75, ఆర్థిక వ్యవస్థకు 75, శాస్త్ర సాంకేతిక రంగాలకు 75 మార్కులున్నాయి. ఉన్నత పాఠశాల సాంఘికశాస్త్రం పుస్తకాలు, తెలుగు అకాడమీ పుస్తకాలు, రోజూ ఒక దినపత్రిక ఉంటే ఇందులో చాలా భాగానికి పునాది వేసుకోవచ్చు.

పైగా ఈ పాఠాల్లో కొన్ని మన గుమ్మం ముందే ఉన్నాయి. 1846లో కుంఫిణీ ప్రభుత్వంపై తిరగబడిన ఉయ్యాలవాడ నరసింహారెడ్డిని 1847 ఫిబ్రవరిలో ఉరితీసింది కోయిలకుంట్లలోనే. మన పొలాలకు నీరిచ్చే కె.సి. కాలువను తవ్వించింది మద్రాసు ఇరిగేషన్ కంపెనీ. 1882లో ప్రభుత్వం దాన్ని కొనుక్కున్నది. నంద్యాలను ఒరుసుకుని పారే కుందూ పెన్నకు ఉపనది. బెలుం గుహలకు వెళితే సున్నపురాయి నేలలో నీరు ఏం చేస్తుందో కళ్ళతో చూడవచ్చు.

రాజ్యాంగం కూడా అంతే. పార్లమెంటు సభ్యుడు కాని వ్యక్తి ప్రధాని అయితే ఆరు నెలల్లో ఏదో ఒక సభకు ఎన్నిక కావాలి. 1991 జూన్‌లో ప్రధాని అయిన పి.వి. నరసింహారావు ఆ నవంబరులో నంద్యాల నుంచి లోక్‌సభకు ఎన్నికైనది ఈ నిబంధన కిందనే. 1977లో నంద్యాల నుంచే గెలిచిన నీలం సంజీవరెడ్డి లోక్‌సభ స్పీకరై, అదే ఏడాది పోటీ లేకుండా రాష్ట్రపతి అయ్యారు. తాతలు ఓటు వేసిన ఎన్నికలను మనవలు పాఠంగా చదువుకుంటే ఆ పాఠం మరపునకు రాదు.

మానసిక సామర్థ్యం, లెక్కల విషయంలో నంద్యాలకు ఇప్పటికే పేరుంది. బ్యాంకు పరీక్షల శిక్షణ కోసం ఇతర జిల్లాల వారు ఇక్కడికి వస్తుంటే, ఆళ్ళగడ్డ విద్యార్థికి అది 40 కిలోమీటర్ల బస్సు ప్రయాణం. బ్యాంకు పరీక్షలు ఏటా వస్తాయి. గ్రూప్స్ ఎప్పుడొస్తాయో తెలియదు. రెండింటికీ కలిపి చదివినవారికి ఒకటి తప్పినా మరొకటి ఆసరాగా నిలుస్తుంది. ఎన్నేళ్ళు ప్రయత్నించాలో ఇంటిల్లిపాదీ కూర్చుని ముందే నిర్ణయించుకోవడం కూడా అవసరం.

ఇంగ్లీషు రాదని సివిల్స్ జోలికే పోని వారు కూడా ఉన్నారు. 1979 నుంచి సివిల్స్ మెయిన్సు తెలుగులో రాసే వీలుంది. ఇంగ్లీషు పేపరులో అర్హత మార్కులు తెచ్చుకుంటే చాలు. శ్రీకాకుళం జిల్లా పల్లె నుంచి వచ్చి, ప్రభుత్వ ఉపాధ్యాయుడిగా పనిచేస్తూ, తెలుగులో రాసిన రోణంకి గోపాలకృష్ణ 2016 సివిల్స్‌లో దేశంలో మూడో ర్యాంకు సాధించారు.

అయితే ఇంట్లో చదువుకోవడానికి ఒక గది, ఒక దీపం కరువైన కుటుంబాలు పల్లెల్లో తక్కువేమీ కాదు. అలాంటివారికి శాఖా గ్రంథాలయమే దిక్కు. ఇంటి పన్నులో ప్రతి రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ పన్నును ప్రజలు కడుతూనే ఉన్నారు. నంద్యాల, ఆళ్ళగడ్డ గ్రంథాలయాలను పరీక్షల కాలంలో తెల్లవారుజాము నుంచి రాత్రి పొద్దుపోయేదాకా తెరిచి ఉంచాలి. పాత ప్రశ్నపత్రాలు, తెలుగు అకాడమీ పుస్తకాలు చాలినన్ని ప్రతులు తెప్పించాలి. ఆడపిల్లలు చదువుకోవడానికి ప్రత్యేకంగా చోటు కేటాయించాలి. ఇవి కోట్ల రూపాయల పనులు కావు. 2022 ఏప్రిల్ 4న నంద్యాల జిల్లా కేంద్రమైంది. ఆ కార్యాలయాల్లోని కుర్చీల్లో మన పల్లెల పిల్లలు కూర్చునే రోజు రావాలంటే ముందు వారికి చదువుకునే బల్లలు వేయించాలి. అధికారులు ఈ విషయమై వెంటనే శ్రద్ధ వహించాలి.