షెరీఫ్ గారికి పూచీ పడ్డవాళ్లు

చీటీ పాడుకున్నవాళ్లు హామీ సంతకం కోసం మనింటికి వస్తే మీ నాయనమ్మ అంతసేపు ఎందుకు ఆలోచిస్తుందో తెలుసా, అమ్మలూ? డబ్బు వాళ్లు తీసుకుంటారు. కట్టకపోతే మన తలుపు తడతారు. అమెరికాలో ఇలాంటి సంతకాల గొడవ చివరికి ఒక రాష్ట్ర రాజ్యాంగం దాకా వెళ్లింది.

కెంటకీ అనే రాష్ట్రం ఉంది. అందులో ఇప్పుడు 120 కౌంటీలు. ప్రతి కౌంటీకీ ఒక షెరీఫ్. నీకు సినిమాల్లో తుపాకీ పట్టుకున్న షెరీఫే తెలుసు కానీ, పంతొమ్మిదో శతాబ్దంలో అక్కడ పన్ను వసూలు కూడా ఆయన పనే.

ఆ లెక్క ఎలా ఉండేదో చూడు. పన్ను జాబితా చేతికందగానే మొత్తమంతా ఆయన పేరున బాకీగా రాసేవారు. ఊరొదిలి పోయినవాళ్లవీ, ఏమీ లేనివాళ్లవీ మొండి బకాయిల పట్టీగా రాసుకెళ్తే, ఒప్పుకున్నంత తగ్గించేవారు. ఆయన కమీషన్ పోను మిగతాది గడువులోగా ఖజానాకు చేరాలి. చేరకపోతే దావా ఆయన మీదా పడేది, ఆయన రాసిచ్చిన హామీ పత్రం మీద సంతకం పెట్టి పూచీ పడ్డ ఇరుగుపొరుగు మీదా పడేది. పొలాలు వేలానికొచ్చేవి.

కోర్టులు కూడా గట్టిగానే ఉండేవి. షికాగోలో ప్రభుత్వ సొమ్ము వసూలు చేసే ప్రెస్కాట్ దగ్గర డబ్బు దొంగలెత్తుకుపోయారు. ఆయన తప్పేమీ లేకపోయినా కట్టాల్సిందేనని 1845లో అమెరికా సుప్రీంకోర్టు చెప్పింది. రాసిచ్చిన పత్రంలో దొంగతనానికి మినహాయింపు లేదు మరి! చాలా రాష్ట్రాల కోర్టులు స్థానిక అధికారుల విషయంలోనూ అదే దారి పట్టాయి.

ఇక అంతర్యుద్ధం వచ్చింది. 1864 డిసెంబరులో దక్షిణాది పక్షపు జనరల్ లయన్ సేన కెంటకీలో చొరబడి, కొద్ది వారాల్లోనే ఏడు కౌంటీల కోర్టు భవనాలు తగలబెట్టింది. అలాంటి ఏడాది షెరీఫ్ గుర్రమెక్కి ఇంటింటికీ తిరిగి పన్నెలా అడుగుతాడమ్మా?

అప్పుడు రాష్ట్ర రాజధాని ఫ్రాంక్‌ఫర్ట్‌లోని శాసనసభే దిక్కయ్యేది. ఫలానా మాజీ షెరీఫ్ కోసమనీ, ఫలానా షెరీఫ్ జామీనుదారుల కోసమనీ ఒక్కొక్కరికీ విడిగా చట్టాలు చేసేవారు. వాటిలో నాకు బాగా నచ్చిన ఏర్పాటు ఒకటుంది. డబ్బు మాఫీ చేయకుండా పాత బకాయిలు రాబట్టుకోవడానికి మరో ఏడాదో రెండేళ్లో గడువిచ్చేవారు. పదవి దిగిన మనిషికి జప్తు చేసే అధికారం ఉండదు కదా? ఆ అధికారాన్నే కొంతకాలం తిరిగి చేతికిచ్చేవారన్నమాట. ఖజానాకు నష్టం లేదు, పూచీ పడ్డవాడి పొలమూ దక్కుతుంది.

కానీ ఇలాంటి విడి విడి చట్టాలు పెరిగిపోయాయి. రాష్ట్రమంతటికీ వర్తించే చట్టాల పుస్తకం సన్నగా, ఒక్కో ఊరికీ ఒక్కో మనిషికీ చేసినవాటి పుస్తకాలు లావుగా తయారయ్యాయి. సభలో తెలిసినవాళ్లున్న షెరీఫ్‌కు గడువు దొరికితే, లేనివాడి గతేంటి? నాకు ఆ పక్కింటి రైతులంటే జాలి. అయినా ఈ ప్రశ్న న్యాయమైనదే.

1891 నాటి కొత్త రాజ్యాంగం 59వ సెక్షన్‌లో విడి చట్టాలతో చేయకూడని పనుల జాబితా రాసింది. అందులో పదిహేనో అంశం: పన్ను వసూలుదారుకు గానీ, ఆయన జామీనుదారులకు గానీ సడలింపు ఇవ్వరాదు. చూశావా, సంతకం పెట్టిన పొరుగువాడిని కూడా మరచిపోకుండా అక్కడ రాశారు.