విశ్వవిద్యాలయపు ఫీజు: శాసనము చేయగల మేలు

ఏటేట పదవ తరగతి ఫలితములును, పి.యు.సి. ఫలితములును వెలువడిన పిమ్మట మన పావగడ తాలూకాలోని ఇండ్లలో రెండు ప్రశ్నలు పుట్టుచుండును. బిడ్డకు ఎన్ని మార్కులు వచ్చినవనునది మొదటిది. పైచదువునకు సొమ్ము ఎక్కడినుండి తేవలెననునది రెండవది. మొదటిదానికి సమాధానము పిల్లల కృషిలోను, ఉపాధ్యాయుల శ్రద్ధలోను కలదు. రెండవదానికి సమాధానము తల్లిదండ్రుల పెట్టెలోనే యున్నదని మనము సాధారణముగా తలంచుచుందుము. అది సగము మాత్రమే నిజము. ప్రభుత్వ విశ్వవిద్యాలయములలో చదువునకు ఎంత ఫీజు ఉండవలెనను విషయమున కడపటి మాట శాసనసభది. ఆ సభకు సభ్యులను పంపువారము మనమే. కావున ఈ సంగతులను మన పాఠశాల పిల్లల తల్లిదండ్రులకు కొంత వివరముగా తెలుపుట మంచిదని యెంచి ఈ వ్యాసమును వ్రాయుచున్నాము.

మన తాలూకా స్థితి మనకు తెలియనిది కాదు. వానను నమ్మి వేరుసెనగ విత్తువారము. ప్రాంతీయ అసమానతలను పరిశీలించిన డాక్టర్ డి.ఎం. నంజుండప్ప సంఘము 2002లో సమర్పించిన నివేదికలో పావగడను మిక్కిలి వెనుకబడిన తాలూకాలలో చేర్చినది. తరువాతి కాలమున నాగలమడికె హోబళిలో సుమారు 13,000 ఎకరములలో 2,050 మెగావాట్ల సౌరవిద్యుత్ కేంద్రము ఏర్పడి, భూములను కౌలునకిచ్చిన రైతులకు ప్రారంభమున ఎకరమునకు సాలుకు 21,000 రూపాయలు నిర్ణయమైనది. అనగా రెండెకరముల రైతునకు 42,000 రూపాయలు. కుటుంబపు తిండి, బట్ట, వైద్యము, పాత అప్పుల వడ్డీ దానినుండియే రావలెను. భూమిలేని కూలివానికి ఆ కౌలు కూడ లేదు. ఇట్టి యింటినుండి ఒక బిడ్డ నూరు కిలోమీటర్ల దూరముననున్న తుమకూరునకో, అంతకంటె దూరమగు బెంగళూరునకో వెళ్లి చదువవలెనన్న, ఫీజు ఎంత యనునది ఆ బిడ్డ భవిష్యత్తును తేల్చు ప్రశ్న యగుచున్నది.

అధికారము ఎవరిది?

చదువు హక్కు గదా, దానికి ఫీజు ఏల యని కొందరు అడుగుదురు. రాజ్యాంగము ఈ విషయమున ఒక గీత గీచినది. ఉన్నికృష్ణన్, ఆంధ్రప్రదేశ్ రాష్ట్రముల నడుమ వ్యాజ్యమున 1993లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పుచు, 14 సంవత్సరముల వయస్సు వరకు విద్య ప్రాథమిక హక్కనియు, ఆపైన అది రాజ్యము యొక్క ఆర్థిక శక్తికి లోబడియుండుననియు నిర్ణయించినది. 2002 నాటి 86వ రాజ్యాంగ సవరణయు 6 నుండి 14 ఏండ్ల వారికే ఉచిత విద్యా హక్కును స్పష్టపరచినది. కావున పదునాలుగేండ్లు దాటిన బిడ్డ చదువునకు న్యాయస్థానముకంటె శాసనసభయే ముఖ్యమైన ఆధారము. ఆర్థిక శక్తి యెంత, దానిలో విద్యకు ఎంత యని నిర్ణయించునది ఆ సభయే.

విశ్వవిద్యాలయములను స్థాపించుట మొదటినుండియు ఆయా ప్రాంతపు శాసనముల పనియే. 1916లో మైసూరు విశ్వవిద్యాలయము సంస్థానపు శాసనముచే పుట్టినది. ఆంధ్ర విశ్వకళాపరిషత్తు 1926లో మద్రాసు శాసనముచే పుట్టినది. మన జిల్లాకు చెందిన తుమకూరు విశ్వవిద్యాలయము 2004లో, 2000 సంవత్సరపు కర్ణాటక రాష్ట్ర విశ్వవిద్యాలయముల చట్టము క్రింద ఏర్పడినది. 1976 నాటి 42వ సవరణచే విద్య ఉమ్మడి జాబితాలో చేరినందున కేంద్రమునకును భాగము కలిగినది గాని, రాష్ట్ర విశ్వవిద్యాలయములకు సొమ్మిచ్చి నడుపు బాధ్యత ప్రధానముగా రాష్ట్రమునదే.

విశ్వవిద్యాలయమునకు ముఖ్యమైన రాబడులు రెండు: ప్రభుత్వమిచ్చు గ్రాంటు, విద్యార్థులిచ్చు ఫీజు. ఇవి ఏతము వంటివి. ఒక కొన దిగినచో రెండవ కొన లేచును. గ్రాంటు తగ్గి, ఉపాధ్యాయుల కొలువులు ఖాళీగానుండి, స్వయంపోషక కోర్సులు పెరిగినప్పుడు ఆ భారము విద్యార్థులపై పడును. కాబట్టి ఫీజు తగ్గింపుమని మాత్రమే అడిగినచో చాలదు. తగ్గిన సొమ్మును ఎవరు పూరింతురను ప్రశ్నకు కూడ సమాధానము ఆ శాసనముననే ఉండవలెను.

మొదటి మార్గము: హద్దు విధించుట

ఫీజులకు హద్దు విధించు శాసనములకు మన రెండు రాష్ట్రములును పెట్టినది పేరు. ఆంధ్రప్రదేశ్ 1983లోను, కర్ణాటకము 1984లోను క్యాపిటేషను ఫీజును నిషేధించు చట్టములను చేసినవి. కర్ణాటక చట్టము క్రింద 1989 జూనులో వెలువడిన ప్రకటన ప్రకారము ప్రయివేటు వైద్యకళాశాలలలో ప్రభుత్వపు సీటునకు సాలుకు 2,000 రూపాయలు, కర్ణాటకపు ఇతర విద్యార్థులకు 25,000 వరకు, ఇతర రాష్ట్రములవారికి 60,000 వరకు బోధన ఫీజు నిర్ణయమైనది. ఒకే తరగతిలో ఒకే పాఠము వినువారి నడుమ ముప్పది రెట్ల భేదము! మోహినీ జైన్ వ్యాజ్యమున 1992లో సుప్రీంకోర్టు, అట్టి హెచ్చు ఫీజు క్యాపిటేషనే యని తీర్మానించినది. మరుసటి యేడు ఉన్నికృష్ణన్ తీర్పు సగము సీట్లను ఉచితముగాను, సగము సీట్లను చెల్లింపుపైనను ఇచ్చు ఏర్పాటును చేసినది. 2002లో టి.ఎం.ఏ. పాయ్ ప్రతిష్ఠాన వ్యాజ్యమున పదునొకండుగురు న్యాయమూర్తుల ధర్మాసనము ఆ ఏర్పాటును త్రోసివేసి, కళాశాలలకు ఫీజు నిర్ణయించుకొను స్వేచ్ఛ కలదనియు, అయినను లాభాపేక్షయు క్యాపిటేషనును కూడదనియు చెప్పినది. 2006లో కర్ణాటకము వృత్తివిద్యా సంస్థల ప్రవేశములను, ఫీజులను నియంత్రించు మఱియొక చట్టము చేసినది. ఇట్టి నియంత్రణ చేయుటకు రాష్ట్రములకు అధికారము కలదని 2016లో మధ్యప్రదేశ్ చట్టమును గూర్చిన తీర్పునందు సుప్రీంకోర్టు స్థిరపరచినది.

ఈ నలుబదేండ్ల చరిత్ర తెలుపునదేమి? శాసనము దోపిడిని ఆపగలదు. కాని కళాశాల నడచుటకు కావలసిన వ్యయము ఎవరో ఒకరు భరింపవలసినదే. హద్దు ఒక్కటియే పేదవానికి చదువు నందింపజాలదు.

రెండవ మార్గము: విద్యార్థి పక్షమున ప్రభుత్వము చెల్లించుట

ఈ మార్గమునకు మూలము 1944లో డాక్టర్ అంబేడ్కర్ కృషివలన షెడ్యూల్డు కులముల విద్యార్థులకు ఏర్పడిన కేంద్ర ఉపకార వేతనము. ఈనాటి పోస్టుమెట్రిక్ ఉపకార వేతనములు దాని సంతతియే. కర్ణాటకము 2013-14లో విద్యాసిరి పథకము నారంభించి, హాస్టలులో చోటు దొరకని వెనుకబడిన తరగతుల విద్యార్థులకు భోజన వసతులకై నెలకు 1,500 రూపాయల చొప్పున పది నెలలు ఇచ్చుటకు పూనుకొన్నది. ఆంధ్రప్రదేశ్‌లో 2008లో డాక్టర్ వై.యస్. రాజశేఖరరెడ్డి ప్రభుత్వము ఫీజు రీయింబర్సుమెంటును ప్రవేశపెట్టగా, అంతకుముందు కళాశాల ముఖము చూడని వేలాది కుటుంబముల బిడ్డలు ఇంజనీరింగు, వైద్యము చదివిరి. ఆ మేలును ఎవరును కాదనజాలరు.

అయినను దానిలో ఒక లోపము కలదు. అది ప్రభుత్వపు ఉత్తరువులచే నడచిన పథకమే గాని విద్యార్థికి హక్కు నిచ్చిన చట్టము కాదు. ఉత్తరువును మఱియొక ఉత్తరువు మార్చగలదు. ప్రభుత్వములు మారినపుడెల్ల పేరును, షరతులును మారినవి. ఖజానానుండి సొమ్ము సకాలమున విడుదల గానపుడు బకాయిలు పేరుకొని, కళాశాలలు విద్యార్థుల ధ్రువపత్రములను ఆపివేసిన సందర్భములు పలుమార్లు వార్తల కెక్కినవి. ప్రభుత్వమునకును కళాశాలకును నడుమ లెక్క తేలకపోయిన, నలిగినది బిడ్డయే.

మూడవ మార్గము: విశ్వవిద్యాలయమునకే సొమ్మిచ్చుట

విశ్వవిద్యాలయమునకు ప్రభుత్వమే తగిన గ్రాంటునిచ్చి, అందరికిని ఫీజును స్వల్పముగా నుంచుట లేక తీసివేయుట మూడవ మార్గము. జర్మనీ దేశపు చరిత్ర ఇచ్చట గమనింపదగినది. అచ్చట కూడ విద్య రాష్ట్రముల విషయమే. ఫీజు వసూలును నిషేధించిన కేంద్రచట్టము చెల్లదని 2005లో అచ్చటి రాజ్యాంగ న్యాయస్థానము తీర్పు చెప్పగా, 16 రాష్ట్రములలో 7 రాష్ట్రములు ఆరు నెలల కాలమునకు సుమారు 500 యూరోల ఫీజును విధించినవి. ప్రజలు ఒప్పలేదు. హెస్సె రాష్ట్రము 2008లోనే దానిని రద్దుచేసినది. బవేరియాలో 2013లో నూటికి పదిమందికి పైగా ఓటర్లు ప్రభుత్వ కార్యాలయములకు వెళ్లి వినతిపై సంతకములు చేయగా, శాసనసభ ఆ యేడే ఫీజును తీసివేసినది. 2014లో లోవర్ సాక్సనీతో ఆ ఏడు రాష్ట్రములును ఫీజును విడిచినవి. రద్దుచేసిన ప్రభుత్వములు ఆ లోటును తమ ఖజానానుండి పూరింపవలసి వచ్చినది. ఏతపు రెండవ కొనను వారు మరువలేదు.

మంచి చట్టమున ఉండవలసినవి

ఈ మూడు మార్గములలో ఏ యొక్కటియు స్వయముగా చాలదు. మూడింటిని కలిపిన చట్టము కావలెనని మా అభిప్రాయము. దానిలో ఈ అంశము లుండవలెను. మొదట, ప్రభుత్వ విశ్వవిద్యాలయములలో ఫీజును పెంచుటకు నిర్ణీత గడువును, పరిమితియు నుండవలెను. నడి కోర్సులో ఫీజు పెరుగరాదు. రెండవది, అదే చట్టమున ప్రభుత్వపు గ్రాంటునకు కనీస పరిమాణము నిర్ణయము కావలెను. మూడవది, ప్రభుత్వము చెల్లింపవలసిన సొమ్ము ఆలస్యమైనచో, ఆ కారణమున పరీక్షను గాని ధ్రువపత్రమును గాని ఆపరాదు. నాలుగవది, హాస్టలును, ప్రయాణమును ఫీజుతో సమానముగా లెక్కింపవలెను. పావగడ బిడ్డకు తరగతి ఫీజుకంటె వసతి భోజనముల ఖర్చే బరువు. అయిదవది, ఏటేట ఈ లెక్కలను శాసనసభ ముందుంచవలెను. చట్టమున్నను బడ్జెటులో సొమ్ము కేటాయింపవలసియే యుండును, నిజమే. కాని ఉత్తరువును మార్చుటకు ఒక సంతకము చాలును. చట్టమును మార్చుటకు సభలో అందరియెదుట చర్చ జరుగవలెను. ఆ భేదమే మన రక్షణ.

మనకు ప్రత్యేకమైన సంగతులు

మన తాలూకాలో తెలుగు ఇంటింట వినబడును. అయినను భాషాల్పసంఖ్యాకులను రాష్ట్రమును బట్టియే గుర్తింపవలెనని పాయ్ తీర్పు చెప్పినందున, కర్ణాటకమున మనము అల్పసంఖ్యాకులమే. 30వ అధికరణము మనకు విద్యాసంస్థలను స్థాపించి నడుపు హక్కునిచ్చినది. కాని మన బిడ్డలు ప్రభుత్వ కళాశాలలో పొందు ఫీజు సదుపాయము మన భాషపై గాక, సీటుపైనను, కుటుంబ ఆదాయముపైనను, చదివిన ప్రదేశముపైనను ఆధారపడియుండును.

ఇచ్చట సరిహద్దు గ్రామముల తల్లిదండ్రులు జాగ్రత్తపడవలెను. కర్ణాటక ప్రవేశపరీక్ష ద్వారా ప్రభుత్వపు సీటు పొందుటకు సాధారణ నిబంధన, విద్యార్థి కనీసము 7 సంవత్సరములు ఈ రాష్ట్రమున చదివియుండవలెననునది. బంధువులున్నారని హిందూపురమునకో, మడకశిరకో కొన్ని యేండ్లు పంపునపుడు ఈ లెక్కను మరువరాదు. అటు ఆంధ్రప్రదేశ్‌లో 1974 నాటి రాష్ట్రపతి ఉత్తరువు ననుసరించి 85 శాతము సీట్లు స్థానికులవి. అచ్చటి ఫీజు సాయమును ఆ రాష్ట్రవాసులకే. అనంతపురపు శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయము మనకు దగ్గరయైనను, సాయము విషయమున దూరమే. ఇటు పదవ తరగతి వరకు పల్లెలలో చదివినవారికి 15 శాతము గ్రామీణ కోటా కలదు. దానికి తెలుగు మాధ్యమము అడ్డు కాదు. కన్నడ మాధ్యమమువారికిచ్చు 5 శాతము మాత్రము మన మాధ్యమపు పిల్లలకు రాదు. కావున చదువు ధ్రువపత్రములను తరగతి తరగతికి భద్రపరచుడు. నాడకచేరిలో ఆదాయ, కుల పత్రములను గడువునకు ముందే తీసికొనుడు.

మఱియొక మాట. కర్ణాటకమున శాసనసభతోపాటు విధాన పరిషత్తు కలదు. దానిలో పన్నెండవ వంతు సభ్యులను పట్టభద్రులును, పన్నెండవ వంతు సభ్యులను ఉపాధ్యాయులును ఎన్నుకొందురు. తుమకూరు జిల్లా ఆగ్నేయ నియోజకవర్గమున చేరియున్నది. పట్టా పొంది మూడేండ్లయిన ప్రతివాడును పట్టభద్రుల జాబితాలో చేరవచ్చును. అయితే ఆ జాబితాను ప్రతి ఎన్నికకును క్రొత్తగా తయారుచేయుదురు గనుక, పేరు మరల మరల నమోదు చేయించుకొనవలెను. మన తల్లిదండ్రులలో పట్టభద్రులు ఎందరో కలరు. వారు పేరు నమోదు చేయించుకొని, ఓటడుగ వచ్చిన అభ్యర్థిని విశ్వవిద్యాలయపు గ్రాంటును గూర్చియు, ఫీజును గూర్చియు ప్రశ్నింపవలెను. పట్టా లేనివారు శాసనసభ ఎన్నికలలో అదే ప్రశ్న నడుగవచ్చును. ఫీజు కట్టు గడువు నాటికి అప్పు వెదకుట మనకు అలవాటైనది. అంతకుముందే, శాసనము చేయువారిని అడుగుట కూడ అలవాటు కావలెను.