టెలివిజన్ ఉండగా పుస్తకం ఎందుకు?

"రేపు పరీక్ష పెట్టుకుని ఆ టీవీ ముందు కూర్చున్నావేమిట్రా?" అని అమ్మ కోప్పడుతుంది. "సైన్సు కార్యక్రమమేనమ్మా! పుస్తకంలో ఉన్నదే ఇందులోనూ చెబుతున్నారు" అని మీరు జవాబిస్తారు. ఈ వాదన మీ ఇంట్లో ఎప్పుడో ఒకప్పుడు జరిగే ఉంటుంది. ఇందులో న్యాయం ఎవరిది? తీర్పు చెప్పేముందు కొన్ని సంగతులు తెలుసుకుందాం.

గుండె పాఠాన్నే తీసుకోండి. పుస్తకంలో రెండు కర్ణికలు, రెండు జఠరికలు, వాటి మధ్య కవాటాలు గీసి ఉంటాయి. కాని ఆ బొమ్మ కదలదు. నిజమైన గుండె నిమిషానికి సుమారు 70 సార్లు కొట్టుకుంటుంది. కవాటం తెరుచుకోవడం, మూసుకోవడం టెలివిజన్‌లో ఒక్కసారి చూస్తే చాలు, బొమ్మకు ప్రాణం వస్తుంది. గంటలు పట్టే మొగ్గ విచ్చుకోవడాన్ని అది క్షణాల్లో చూపగలదు. రెప్పపాటులో ముగిసే పిడుగును నెమ్మదిగా చూపగలదు. ఈ పని పుస్తకం చేయలేదు.

చదువు రానివారి వద్దకు కూడా టెలివిజన్ వెళ్లగలదు. మన దేశంలో 1975 ఆగస్టు 1న ఒక పెద్ద ప్రయోగం మొదలైంది. అమెరికా వారి ఏ.టి.ఎస్.-6 ఉపగ్రహం సుమారు 36,000 కిలోమీటర్ల ఎత్తు నుంచి ఆరు రాష్ట్రాల్లోని దాదాపు 2,400 గ్రామాలకు కార్యక్రమాలు అందించింది. వాటిలో మన తెలుగు పల్లెలూ ఉన్నాయి. తీగల వలతో చేసిన మూడు మీటర్ల గొడుగు లాంటి యాంటెనా ఆ సంకేతాలను పట్టేది. ఉదయం బడిపిల్లలకు, సాయంత్రం ఊరందరికీ కార్యక్రమాలు వచ్చేవి. పుస్తకమే చేరని ఊళ్లలో వ్యవసాయం, ఆరోగ్యం గురించి కళ్లకు కట్టినట్లు చూపడం సామాన్యమైన పని కాదు.

కాని ఏడాది గడువు 1976 జూలై 31తో ముగిసింది. ఉపగ్రహాన్ని పక్కకు జరిపారు. ఆ ప్రసారం ఆగిపోయింది. నిన్న చూసిన పాఠాన్ని మళ్లీ చూద్దామంటే ఆనాటి పిల్లవాడికి దారి లేదు. పుస్తకమైతే గూట్లోనే ఉంటుంది. రాత్రి దీపం కిందనైనా మళ్లీ తెరవవచ్చు.

"ఇప్పుడు ఫోనులో వీడియోను ఆపవచ్చు, వెనక్కి తిప్పవచ్చు కదా!" అంటారా? నిజమే. అయితే ఒక చిన్న పని చేయండి. మీ మిత్రుడు పుస్తకం చదువుతుండగా ఎదురుగా కూర్చుని అతని కళ్లను గమనించండి. అవి వరుస వెంట జారిపోవు, చిన్న చిన్న గెంతులు వేస్తాయి. గెంతుకూ గెంతుకూ మధ్య సుమారు పావు సెకను ఆగుతాయి. కష్టమైన మాట దగ్గర ఇంకా ఎక్కువసేపు ఆగుతాయి. అర్థం కాకపోతే వెనక్కి కూడా గెంతుతాయి. అంటే చదివేవాడు తనకు తెలియకుండానే తన బుద్ధికి తగిన వేగం ఎంచుకుంటున్నాడన్నమాట! వీడియోను ఆపాలంటే మాత్రం, తనకు అర్థం కాలేదన్న సంగతి ముందు తట్టాలి. బొమ్మలు చకచకా కదిలిపోతుంటే అంతా తెలిసిపోయినట్లే ఉంటుంది. అసలు చిక్కు అక్కడే ఉంది.

మైకేల్ ఫారడే కథ వినండి. 1791లో ఒక పేద కమ్మరి ఇంట పుట్టాడు. లండన్‌లో పుస్తకాలు బైండు చేసే దుకాణంలో పనికి కుదిరాడు. బైండింగుకు వచ్చిన పుస్తకాలను చదివాడు. వాటిలోని ప్రయోగాలను తన కొద్దిపాటి డబ్బుతో చేసి చూశాడు. 1812లో హంఫ్రీ డేవీ ఉపన్యాసాలకు వెళ్లే అవకాశం దొరికింది. అక్కడ కళ్లారా ప్రయోగాలు చూశాడు. అంతటితో ఊరుకోలేదు. చూసినదంతా రాసి, బొమ్మలు వేసి, బైండు చేసి డేవీకే పంపాడు. మరుసటి ఏడాది రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో ఉద్యోగం వచ్చింది! తరువాత అక్కడే ఆయన పిల్లలకు కొవ్వొత్తి మంట గురించి ఉపన్యాసాలిచ్చాడు. ఆ మంట ఏనాడో ఆరిపోయింది. 1861లో పుస్తకంగా వచ్చిన ఆ ఉపన్యాసాలను మాత్రం నేటికీ చదువుతున్నారు.

చదవడం, చూడడం, చేయడం, రాయడం: ఈ నాలుగింటిలో ఫారడే దేన్నీ వదలలేదు.

మరి టెలివిజన్ పుస్తకానికి బదులు కాగలదా? మా మాట నమ్మకండి, మీరే పరీక్షించండి. తరగతిలో రెండు జట్లుగా విడిపోండి. ఒక జట్టు చంద్రగ్రహణం గురించి పది నిమిషాలు వీడియో చూడాలి. రెండో జట్టు అంతే సమయం పుస్తకంలో చదవాలి. మరునాడు ఏమీ చూడకుండా అందరూ గ్రహణం పటం గీయాలి. ప్రతి పౌర్ణమికీ గ్రహణం ఎందుకు రాదో రాయాలి. ఒక్కసారితో తీర్పు చెప్పకండి. మరో పాఠం తీసుకుని జట్లను తారుమారు చేసి మళ్లీ చేయండి.

అన్నట్లు, ఈసారి టీవీలో మంచి సైన్సు కార్యక్రమం వస్తే అమ్మను కూడా పిలిచి కూర్చోబెట్టండి. అయిపోయాక టీవీ కట్టేసి, చూసినదాన్ని ఆమెకు మీ మాటల్లో చెప్పండి. ఎక్కడ ఆగిపోతారో, పుస్తకం అక్కడ తెరవండి.