కోవిడ్-19లో ఘ్రాణశక్తి లోపం

కోవిడ్-19 సోకినవారిలో వాసన తెలుసుకొనే శక్తి తగ్గుట, పూర్తిగా పోవుట లేదా మారిపోవుటను కోవిడ్ ఘ్రాణశక్తి లోపం అంటారు. వాసన అసలు తెలియకపోవుటను అనోస్మియా అనియు, కొంత తగ్గుటను హైపోస్మియా అనియు, మంచి వాసన కూడ దుర్వాసనగా తోచుటను పారోస్మియా అనియు పిలుస్తారు. బ్రిటన్ 2020 మే 18న, భారత ఆరోగ్య మంత్రిత్వ శాఖ 2020 జూన్ 13న వాసన కోల్పోవుటను కోవిడ్ లక్షణాలలో చేర్చాయి.

సాధారణ జలుబులో వాసన తెలియకపోవుటకు ముఖ్య కారణం ముక్కు దిబ్బడ. కోవిడ్‌లో ముక్కు దిబ్బడ లేకపోయినను ఒక్కసారిగా వాసన పోవచ్చును. అందువలన వైరస్ ఘ్రాణ నాడుల ద్వారా మెదడులోనికి పోతున్నదేమో అనే భయం మొదట కలిగింది. తరువాతి పరిశోధనలు వేరొక కారణాన్ని చూపాయి.

వాసన తెలిసే విధానం

ముక్కు లోపల పైకప్పు భాగంలో ఘ్రాణపొర అనే పలుచని పొర కలదు. ఇందులో వాసనను గుర్తించే నాడీకణాలు, వాటికి ఆసరాగా ఉండి పోషించే ఆధార కణాలు, కొత్త కణాలను పుట్టించే మూల కణాలు ఉంటాయి. మానవునిలో సుమారు 400 రకాల వాసన గ్రాహకాలు కలవు. సాధారణంగా ఒక్కొక్క నాడీకణం ఒకే రకం గ్రాహకాన్ని కలిగియుంటుంది. నాడీకణాల తంతువులు జల్లెడవలె రంధ్రాలున్న ఎముక గుండా పైకి పోయి, మెదడు అడుగున ఉన్న ఘ్రాణకందాన్ని చేరుతాయి. అక్కడ నుండి సంకేతాలు జ్ఞాపకానికి, ఉద్వేగాలకు సంబంధించిన భాగాలకు పోతాయి. వాసన గ్రాహకాలను, ఘ్రాణవ్యవస్థ నిర్మాణాన్ని కనుగొన్నందుకు రిచర్డ్ ఆక్సెల్, లిండా బక్ అనే శాస్త్రవేత్తలకు 2004లో నోబెల్ బహుమతి లభించింది.

వైరస్ వలన కలిగే హాని

కరోనా వైరస్ కణంలో ప్రవేశించుటకు ఆ కణంపై ఏసీఈ-2 అనే ప్రోటీను ఉండవలెను. ఘ్రాణ నాడీకణాలలో కాక, ఆధార కణాలలో ఈ ప్రోటీను తయారగుచున్నదని హార్వర్డ్ వైద్య కళాశాల పరిశోధకులు 2020లో ప్రకటించారు. కోవిడ్‌తో మరణించినవారి ఘ్రాణపొరను పరీక్షించిన బెల్జియం, జర్మనీ శాస్త్రవేత్తలు కూడ 2021లో వైరస్ ప్రధానంగా ఆధార కణాలకే సోకినట్లు చూపారు. తోటమాలి మంచాన పడితే తోట వాడిపోయినట్లు, ఆధార కణాలు దెబ్బతినగానే నాడీకణాల పని కుంటుపడుతుంది. వైరస్ సోకని నాడీకణాలలో కూడ గ్రాహకాల తయారీ తగ్గిపోతుందని 2022లో వెలువడిన మరొక పరిశోధన తెలిపింది.

"నాకు రుచి పోయింది" అని చెప్పే పలువురిలో నిజానికి పోయినది వాసన. చారులోని పులుపు, ఉప్పు నాలుకకు తెలుస్తూనే ఉంటాయి గాని, ఇంగువ, కొత్తిమీరల పరిమళం తెలియదు.

మెదడుపై ప్రభావం

ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 51 నుండి 81 సంవత్సరాల వయసు గల 785 మందికి సుమారు మూడేళ్ళ వ్యవధిలో రెండుసార్లు తీసిన మెదడు స్కానులను పోల్చి, 2022లో ఫలితాలు ప్రచురించారు. వీరిలో 401 మందికి రెండు స్కానుల మధ్య కోవిడ్ సోకింది. సోకనివారితో పోల్చినప్పుడు వీరిలో వాసనకు సంబంధించిన మెదడు భాగాలలో 0.2 నుండి 2 శాతం వరకు అదనపు మార్పు కనిపించింది. ఇది సగటు లెక్క మాత్రమే. ప్రతి రోగికి ఇట్లు జరుగుతుందని అర్థం కాదు. వైరస్ మెదడులో చేరినదనుటకు కూడ ఇది నిదర్శనం కాదు. వాపు వలన గాని, ముక్కు నుండి సంకేతాలు అందకపోవుట వలన గాని ఇట్టి మార్పు రావచ్చును.

కోలుకొనుట

మూల కణాల నుండి ఆధార కణాలు, నాడీకణాలు మరల పుట్టగలవు. కావున ఎక్కువమందికి కొద్ది వారాలలోనే వాసన తిరిగి వస్తుంది. 2022లో జరిగిన ఒక సమీక్ష ప్రకారం సుమారు 5.6 శాతం మందిలో ఈ లోపం దీర్ఘకాలం నిలువవచ్చును. కొందరికి కోలుకొనే దశలో పారోస్మియా కలిగి కాఫీ, ఉల్లి, వెల్లుల్లి, కోడిగ్రుడ్డు వంటివి కుళ్ళిన లేదా మాడిన కంపు కొడతాయి.

జర్మనీకి చెందిన థామస్ హమ్మెల్ బృందం 2009లో ప్రచురించిన ఘ్రాణ శిక్షణ అనే అభ్యాసాన్ని కోవిడ్ రోగులకు కూడ సూచిస్తున్నారు. గులాబీ, నీలగిరి తైలం, నిమ్మ, లవంగం వాసనలను ఉదయం, సాయంకాలం ఒక్కొక్కటిగా కొన్ని క్షణాలు శ్రద్ధతో పీల్చవలెను. హమ్మెల్ పరిశోధనలో దీనిని 12 వారాలు చేయించారు.

జాగ్రత్తలు

వంటగ్యాసుకు స్వతహాగా వాసన లేదు. కారితే తెలియుటకై అందులో మెర్‌కాప్టాన్ అనే ఘాటైన పదార్థాన్ని కలుపుతారు. వాసన తెలియనివారికి ఈ హెచ్చరిక అందదు. కావున ఒంటరిగా ఉండేవారు గ్యాసు లీకును తెలిపే అలారం అమర్చుకొనుట, వంట కాగానే రెగ్యులేటరు కట్టివేయుట మంచిది. పాలు, కూరలు చెడినదీ లేనిదీ ఇంటిలోని మరొకరి చేత చూపించుకొనవలెను. ఆకలి మందగించుట, దిగులు కలుగుట కూడ ఈ లోపం వలన కలిగే బాధలే గనుక ఇంటివారు వీటిని తేలికగా కొట్టివేయరాదు. కోవిడ్‌తో సంబంధం లేకుండ పెద్ద వయసులో వాసన క్రమంగా తగ్గుట పార్కిన్‌సన్ వంటి వ్యాధులకు తొలి సూచన కావచ్చును. కనుక లోపం ఎక్కువ కాలం ఉన్నయెడల వైద్యుని సంప్రదించవలెను.