మున్నేటి వంతెనపై తొమ్మిది ప్రాణములు

వేములవాడ రాజరాజేశ్వరస్వామి సన్నిధికి వచ్చు యాత్రికులు ధర్మగుండమున స్నానమాడి, కోడెమొక్కు చెల్లించుకొని, ఊరి ప్రక్కనే యున్న మూలవాగు వంక చూడకయే మరలిపోవుదురు. వేసవియందు అది ఇసుక బయలు. గట్టివాన పట్టెనా, ఒక్క రాత్రిలో ఆ బయలే ఏరగును. ఆ నీరు మానేరును, మానేరు గోదావరిని చేరును. 2025 ఆగష్టు నెలాఖరున ఈ జిల్లాలోనే, నర్మాల కడ, మానేటి ఆవల చిక్కువడిన రైతులను సైనిక హెలికాప్టరు వచ్చి గట్టెక్కించినది. ఆకాశమార్గమున సహాయము రాగలిగిన దినమది. రాజాలని దినమొకటి అంతకు ముందటి సంవత్సరమే ఖమ్మమున గడచినది. ఆ కథను మానేటి గట్టువారు తమ కథగానే వినవలసియున్నది.

2024 సెప్టెంబరు 1వ తేది, ఆదివారము. మున్నేరు ఉప్పొంగి ఖమ్మము పట్టణమున ప్రకాశనగరు వంతెనను ముంచివేసెను. దానిపై తొమ్మండుగురు చిక్కుకొనిరి. గంటలు గడచెను. హెలికాప్టరు కొరకు ప్రయత్నములు జరిగెను గాని వాతావరణము అనుకూలింపలేదు. గట్టుపై జనము, నడుమ ప్రవాహము, ఆవల ఆర్తనాదము. అప్పుడు సుభాన్ ఖాన్ అను జేసీబీ డ్రైవరు, పొట్టకూటికై హర్యానానుండి వచ్చినవాడు, తన యంత్రమును నీటిలోనికి నడిపెను. పలువురు వలదనిరి. తాను పోయిన యెడల పోవునది ఒక్క ప్రాణము, మరలివచ్చిన యెడల దక్కునవి తొమ్మిది అని అతడు బదులు చెప్పెనట. మరలివచ్చెను, తొమ్మండుగురును వచ్చిరి.

యంత్రము పెద్దది కదా, భయమేమి యనువారు ప్రవాహబల మెరుగనివారు. వేగముగా పారు అర అడుగు నీరు నిలుచున్న మనుజుని పడద్రోయగలదు. రెండడుగుల నీరు మోటారుకారును తేల్చి కొనిపోగలదు. జేసీబీ బరువు కొంత రక్ష యగును, నిజమే. కాని మునిగిన వంతెనకు పిట్టగోడ ఎచట నున్నదో, ఎచట కూలినదో డ్రైవరునకు కానరాదు. ఒక చక్రము అంచు దాటెనా, ఆ బరువే అతని పాలిటి ఉరి యగును. ఆ సంగతి, ప్రతిదినము ఆ యంత్రముపై కూర్చుండువానికంటె మిన్నగా ఎరిగినవారు గట్టున ఎవ్వరును లేరు.

పత్రికలలో ఈ సాహసమును మెచ్చనివారు లేరు. అయితే మాకు సాహసముకంటె అతడు వేసిన లెక్క ఎక్కువ ఆలోచన పుట్టించినది. తనది ఒక్క ప్రాణమని అతడనెను. అది వినయమే గాని సరియైన లెక్క కాదు. పరదేశమున కష్టించువాని ప్రాణము ఒక్కటిగా ఉండదు; దానిని పట్టుకొని ఒక ఇల్లు వ్రేలాడుచుండును. ఈ మాట వేములవాడ, సిరిసిల్ల ప్రాంతపువారికి మేము చెప్పనక్కరలేదు. బొంబాయికి, భీవండి మగ్గములకు, దుబాయికి ఎందరిని సాగనంపలేదు? నెలనెలా వచ్చు పైకముకొరకు, దానికంటెను ముందు ఫోనులో వినవచ్చు గొంతుకొరకు, ఎన్ని గడపలు కాచుకొని యుండవు? ఆనాడు సుభాన్ ఖాన్ ఫోనున కూడ ఒక కుమార్తె యుండెను. అనుకొన్న పని తన తండ్రి చేసి చూపెనని, గర్వముచే తన ఒడలెల్ల వణకుచున్నదని ఆ బిడ్డ చెప్పినది. ఇంటివారికై ఊరు విడిచి కాయకష్టము చేయువాడే, ఇంటివారుగల అన్యులకై వాగులో దిగినాడు. ఈ రెండును వేరువేరు గుణములని మాకు తోచదు.

మరి చక్రము అంచు దాటియుండినచో? సహాయకార్యములందు మృతి నొందినవారి కుటుంబములకు కూడ విపత్తు సహాయనిధి నిబంధనల మేరకు 4 లక్షల రూపాయలు చెల్లును. ఆ వరదలప్పుడు తెలంగాణ ప్రభుత్వము దానిని 5 లక్షలు చేయుదుమని ప్రకటించెను. అది ఒక యింటిని ఎన్నేండ్లు నడుపును? కాలో చేయో పోయి బ్రతికినచో, కార్మిక నష్టపరిహారమునకు యజమాని పనిలోనే దెబ్బ తగిలెనా యని వాదము లేచును. ఇక ప్రాణరక్షకుల కొరకు 1961లో కేంద్రప్రభుత్వము నెలకొల్పిన జీవన్ రక్షా పదకములు గలవు. గౌరవనీయములే. కాని పదకము పని ముగిసిన పిమ్మట వచ్చునది. భయము పనికి ముందు కలుగునది.

కావున మేము కోరునది స్వల్పము. ప్రతి వాగు గట్టునను జేసీబీ, ట్రాక్టరు నడుపువారు, బెస్తలు, గజ ఈతగాండ్రు ఎవరెవరో మండల కార్యాలయమున వానకాలమునకు ముందే పట్టీ వ్రాసియుంచవలెను. అందు పేరున్న ప్రతివానికిని ప్రభుత్వ వ్యయముతో బీమా చేయింపవలెను. పరదేశి యని ఎవనిని విడువరాదు. మూలవాగు మరల పొంగులోగా ఆ పట్టీ వ్రాయుటకు ఒక గుమాస్తాయు ఒక వారమును చాలును.