పసిబిడ్డ తల యొకవైపు చదునగుట

మూఁడవ నెల బిడ్డను చూడవచ్చిన పేరంటాండ్రలో నొకరైనను "తల యొకవైపు అణఁగినదే! సరిగా ఒత్తలేదా?" అని యడుగక మానరు. బాలింతరాలు క్రుంగిపోవును, నీళ్లుపోసిన ముసలమ్మకు నింద వచ్చును. ఈ నింద న్యాయము కాదని మా యభిప్రాయము.

శిశువు కపాలము కుండవలె ఏకఖండము కాదు. పలుచని యెముకలు కొన్ని అతుకులచేఁ గూడి యుండును. ప్రసవమున తల వెలువడుటకును, పిమ్మట మెదడు పెరుగుటకును ఇది యనుకూలము. నడినెత్తి మీఁది మాడు సాధారణముగా 12 మొదలు 18 నెలలలోపల పూడును. ఇంత మెత్తని తల యెల్లప్పుడు నొకేచోట ఆనినచో నాచోటు చదునగును. ఆ ప్రక్కచెవి ముందునకు జరిగినట్లును, నుదురు ఉబ్బినట్లును దోఁచును.

బిడ్డ ఒకేవైపునకు తిరుగుట యేల? కొందఱికి మెడకండరము పుట్టుకతోనే బిగిసి యుండును. కవలలకు గర్భముననే చోటు చాలదు. నెలలు నిండక పుట్టినవారి యెముకలు మఱింత మెత్తన. ఇవి యేవియు లేకున్నను, మంచము గోడకు చేరి యున్నచో బిడ్డ తల్లివైపే తిరుగును గదా!

అమెరికా శిశువైద్యుల సంఘము శిశువులను బోరగిల నిద్రపుచ్చవలదని 1992లో చెప్పెను. 1994లో దేశమంతట ప్రచారము సాగెను. నిద్రలో హఠాత్తుగా చనిపోవు శిశువుల సంఖ్య ఆ దశాబ్దమున సుమారు సగమునకు తగ్గెను. చదునుతలలు మాత్రము పెరిగెను. తల అందమునకై ప్రాణమును పణముపెట్టు తల్లి యుండదు. కాఁబట్టి వెల్లకిలనే నిద్రపుచ్చవలెను. ఆవాలదిండు మన యిండ్లలో ప్రియమైనదే, మేమును దానిపై పెరిగినవారమే. అయినను అది ఊపిరి కడ్డమగునని నేఁటి వైద్యులు వలదనుచున్నారు. మాడుపై ఒత్తుటయుఁ గూడదు.

రాత్రి కొకవైపు చొప్పున తల త్రిప్పి పరుండఁబెట్టుఁడు. మెలకువగా నున్నప్పుడు, మీరు దగ్గఱ నుండి, కొంతసేపు బోర్ల వేయుఁడు. బోర్లపడి బొబ్బట్లు పంచుదాఁక వేచియుండ నక్కఱలేదు. కాళ్లపై బోర్లవేసి నూనె రాచు ముసలమ్మ ఈ పని యెప్పుడో చేయుచున్నది! బిడ్డ తల నిలిపి, కూర్చుండ నేర్చిన కొలఁది చదును చాలవఱకు సర్దుకొనును. మెడ బిగువైనచో వైద్యులు తగిన కసరత్తు నేర్పుదురు.

అతుకుపై గట్టువలె ఎముక తగిలినను, మాడు మిక్కిలి ముందుగా పూడినను, వంకర నానాఁటికి పెరిగినను సంగతి వేఱు. అతుకు లకాలమున కలిసిపోయి యుండవచ్చును. శస్త్రచికిత్స కావలసివచ్చినచో దానిని తొలియేఁటనే చేయుట వాడుక. కావున ఆలసింపక చూపవలెను. వైద్యుఁడు టేపుతో తల చుట్టుకొలత చూచి, అతుకులను వ్రేళ్లతో తడిమి పరీక్షించును.